వీపు మీద పేరు

బుధవారం మధ్యాహ్నం మూడింటికి అందరూ ఫిజియోథెరపీ గదికి రావాలని నోటీసు అంటించినప్పుడు నాకు ఒళ్లు మండింది. వార్డులో ఇంకా ఇరవై రెండు మంచాలు నిండే ఉన్నాయి. కరోనా రెండో విడత తగ్గిందే కానీ జబ్బు ఊరు వదలలేదు. మూడోది వస్తుందని ఒకరు, రాదని ఒకరు. ఇంత పని పెట్టుకుని గుండ్రంగా కుర్చీలేసుకుని ఏడవడమేమిటని సూపరింటెండెంటు గదికి వెళ్లి మరీ అడిగాను. "ఏడవమని ఎవరన్నారు సిస్టర్, వెళ్లి కూర్చోండి చాలు" అన్నాడాయన. మనసు దెబ్బతిన్న ఆసుపత్రి సిబ్బందికి వైద్యమట. పైనుంచి వచ్చిన ఆర్డరట.

నిజం చెప్పాలంటే నేను వెళ్లింది ఆర్డరుకి భయపడి కాదు, మా ఆయన పోరు పడలేక. మా ఇంట్లో గ్యాస్ అయిపోతే సిలిండర్ మార్చడం పాతికేళ్లుగా నా పనే. ఆయనకు రెగ్యులేటరు ఎటు తిప్పాలో కూడా తెలియదు. అలాంటిది ఆర్నెల్లుగా నేను దాన్ని ముట్టుకోలేకపోతున్నాను. కొత్త సిలిండర్ మెట్ల మీద దొర్లించుకుంటూ తెచ్చిన మనిషి మీద ఒకరోజు ఎంత గట్టిగా అరిచానంటే, దాన్ని అక్కడే వదిలేసి అతను కిందికి దిగిపోయాడు. "నీ నోరు నాకు కొత్త కాదు. కానీ ఇది నోరు కాదు, ఇంకేదో" అన్నాడు మా ఆయన. ఎందుకు అరిచానో నాకే అర్థం కాలేదు.

కౌన్సిలర్ మా అమ్మాయి కన్నా నాలుగేళ్లు పెద్దదేమో. కాళ్లు నేలకు ఆనించి కూర్చోమంటుంది, ఊపిరి నెమ్మదిగా వదలమంటుంది, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమంటుంది. "గోడ, కుర్చీ, కుర్చీ, కుర్చీ, కుర్చీ" అన్నాను మొదటి వారం. ఆ అమ్మాయికి కోపం రాకపోగా నవ్వింది. అదీ నాకు నచ్చలేదు.

మొత్తం ఏడుగురం. మిగతావాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన ట్రాలీ బాబాయ్. ముప్పై ఏళ్లుగా ట్రాలీ తోస్తున్నాడు. రోగుల్ని పైకి తెచ్చేదీ ఆయనే, పోయినవాళ్లని కిందికి దించేదీ ఆయనే. రెండో విడతలో ఆయన భార్య మా వార్డులోనే పోయింది. పదకొండో రోజుకి మళ్లీ డ్యూటీకి వచ్చాడు. అప్పటినుంచి పని తప్ప మాట లేదు.

రెండో మనిషి వార్డు డాక్టరు. ముప్పై ఏళ్లుంటాయి. నా భుజం దాకా కూడా రాదు, కానీ ఆ అమ్మాయి నడుస్తుంటే వెనక మేము పరిగెత్తాలి. అందుకే బుల్లెట్ అని పేరు పెట్టాం. తల నుంచి పాదం దాకా తెల్ల సూట్లు తొడుక్కున్నాక ఎవరెవరో తెలిసేది కాదు, అందుకని రోజూ పొద్దున్నే సూట్ల వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లం. అసలు పేర్లు రాసే ఓపిక ఎవరికీ లేదు, అందరివీ ముద్దు పేర్లే. నాకు చెప్పకుండా నా వీపు మీద ఎవరో 'మిరపకాయ' అని రాశారు. ఆ పూట కాస్త తెలివిలో ఉన్న రోగులంతా నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నారో సాయంత్రం సూటు విప్పాక గానీ తెలియలేదు. ఎవరు రాశారో పట్టుకుని తిట్టాను. మర్నాడు నేనే రాయించుకున్నాను.

మూడో బుధవారం కౌన్సిలర్ ఒక పని చెప్పింది. "ఒక్క రోజు గురించి చెప్పండి. అన్నిటికన్నా బరువైన రోజు. తొందరపడకుండా, ఏం చూశారో అది చూసినట్టు." మేమంతా నేల చూపులు చూశాం. నేనైతే వార్డు నుంచి పిలుపు వస్తే బాగుండునని ఫోను వంక చూస్తున్నాను. అప్పుడు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నర అయ్యుంటుంది" అన్నాడు. "ఎవరో పెద్దాయన్ని పైకి తెచ్చాను. సూట్లు లేవని నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు అద్దంలోంచి మా ఆవిడ మంచం కనబడేది. ముందురోజు రాత్రే ఆ మంచానికి మార్చారంట. బోర్లా పడుకోబెట్టారు. మొహం కనబడదు, కాళ్లే. ముప్పై ఏళ్లు చూసిన కాళ్లు, గుర్తుపట్టనా?"

కౌన్సిలర్ తలూపింది.

"సూటు వేసుకున్న మనిషి ఒకామె వచ్చింది. నాకు వీపే కనబడుతోంది. మంచం మీదకి వంగింది. ఏదో చేసింది. తర్వాత మా ఆవిడకి పెట్టిన సిలిండర్ బండి లాక్కుని పక్క మంచం దగ్గరకి పోయింది. నేను అద్దం మీద కొట్టాను. చేతులు వాచిపోయేలా కొట్టాను. వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగున్నరకి నన్నే పిలిచారు, ట్రాలీ తెమ్మని."

బాబాయ్ తలెత్తి, ఏడు నెలల్లో మొదటిసారి, డాక్టరు మొహంలోకి సూటిగా చూశాడు.

"వీపు మీద పేరుంది. బుల్లెట్ అని."

డాక్టరు కాదంటుందని చూశాం. నేనైతే కాదనిపిద్దామని నోరు తెరిచాను కూడా. ఆ అమ్మాయి చీమకు హాని చెయ్యదని, బాబాయ్ పొరపడ్డాడని దబాయించబోయాను. ఈలోగా డాక్టరే మాట్లాడింది.

"చేసే ఉంటాను బాబాయ్."

"గుర్తులేదా?"

"లేదు. కానీ చేసే ఉంటాను. ఆ వారం అలాంటివి చాలా చేశాం. ఎవరిది తీసి ఎవరికి పెట్టానో నాకే తెలీదు. ఆ పేషెంటు మీ ఆవిడ అని కూడా నాకు తెలిసుండదు." బ్యాగులోంచి ఒక కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది. "రాజీనామా రాసి రెండు వారాలైంది. ఇవ్వాలా వద్దా అని తిప్పుతున్నాను. ఇప్పుడు తెలిసిపోయింది. రేపు ఇచ్చేస్తాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు."

బాబాయ్ ఆ మాట విననట్టే ఉన్నాడు. ఆయన కళ్లు ఇంకా ఆ అద్దం దగ్గరే ఉన్నాయి. "నాకు అన్నీ గుర్తే. సూటు చాలలేదామెకి. కాళ్ల దగ్గర పైకి పోయింది. చీలమండల చుట్టూ బ్యాండేజీ గుడ్డ చుట్టుకుంది" అన్నాడు.

నేను డాక్టరు కాళ్ల వైపు చూశాను. నేల అందక కుర్చీ కమ్మీ మీద పెట్టుకున్న చిన్న కాళ్లు. అన్నిటికన్నా చిన్న సైజు సూటు వేసుకున్నా మడమల దగ్గర రెండు మడతలు పెట్టి పిన్ను గుచ్చుకునేది. ఆ అమ్మాయికి సూటు చాలకపోవడమా? నవ్వు రాబోయింది నాకు. ఆ నవ్వు సగంలో ఉండగానే కొయ్యబారిపోయాను.

ఆ బ్యాండేజీ చుట్టుకుంది నేను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రోగిని తిప్పుదామని వంగితే నా సూటు వెనక కుట్టు పర్రుమంది. స్టోరుకి ఫోను చేస్తే సోమవారం దాకా లేవన్నారు. బట్టలు మార్చుకునే గదిలో కొక్కానికి ఒకే ఒక్క కొత్త సూటు ఉంది. పొద్దున్నే దాని మీద పేరు రాసి పెట్టుకున్న డాక్టర్ని, తొడుక్కునే లోపే ఆక్సిజన్ కొరత మీటింగ్ అని సూపరింటెండెంటు లాక్కుపోయాడు. సాయంత్రం దాకా రాలేదు. నేను ఆ సూటులో దూరాను. పిక్కల దాకా వచ్చి ఆగింది. తిట్టుకుంటూ గుడ్డ చుట్టుకున్నాను. వీపు మీద ఏం రాసుందో చూసే తీరిక లేదు, తొడుక్కున్నాక నాకు కనబడదు కదా. ఆ పూట మధ్యలో సూటు మార్చిన సంగతి ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

పదిహేడో మంచం, పద్దెనిమిదో మంచం. గోడ పైపులో ఆక్సిజన్ రావడం లేదు. ఉన్న ఒక్క సిలిండర్ పదిహేడుకి పెట్టి ఉంది. ఆమె వేలికి పెట్టిన మీటరు యాభై దాటడం లేదు. పద్దెనిమిదిలో ఒక పిల్ల, పంతొమ్మిదేళ్లని పట్టీ మీద రాసి ఉంది, ఆ పిల్లది డెబ్బై నుంచి దిగుతోంది. ఎవర్నైనా అడుగుదామంటే డాక్టరు లేదు. స్పానర్ తీసుకున్నాను. బయట అద్దం మీద ఎవరో దబదబా కొడుతున్నారు. రోజూ కొడతారు, అనుకున్నాను.

బాబాయ్ భార్యని మొదటి రెండు రోజులు నేనే వెళ్లి పలకరించాను. నాలుగో మంచం అప్పుడు. తర్వాత మంచాలు పూటకోసారి మార్చారు, అందరూ బోర్లా ఉండేవాళ్లు, మేము నంబర్లు చూసి మందులు వేసేవాళ్లం. నాలుగున్నరకి ఆమె పోయిందని చెప్పినప్పుడు ఏ మంచం మీద పోయిందని కూడా నేను అడగలేదు.

చెవుల్లో సిలిండర్ మూత తిప్పినప్పటి ఆ బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. దేనికైనా ఎవరి మీదకైనా నోరు పారేసుకునే దాన్ని, ఆ గదిలో ఎంతసేపు నోరు మూసుకు కూర్చున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఊరుకుంటే సరిపోతుందనిపించింది. నిజం, అనిపించింది. డాక్టరు ఒప్పేసుకుంది, బాబాయ్ నమ్మేశాడు, ఆ సూటు ఎప్పుడో కాలి బూడిదైంది. నాకు ఇంకా పన్నెండేళ్ల సర్వీసు ఉంది. డాక్టరు కవరు మడత సరిచేసుకుంటూ కన్నీళ్లు తుడుచుకుంటోంది. అది చూడలేకపోయాను.

"బాబాయ్, అది నేను" అన్నాను.

సూటు చిరిగిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. కౌన్సిలర్ ఆపబోయి ఊరుకుంది. డాక్టరు నోరు తెరుచుకుని చూస్తోంది. "అక్కా, నేను కాదా?" అంది చిన్నపిల్లలా. నేను తలూపాను. కవరు చేతిలో అలాగే ఉంది. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, "ఇది కాకపోతే ఇంకోటి నేనేగా" అంది.

బాబాయ్ నన్ను చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా నన్ను చూస్తున్న మనిషి. మా అమ్మాయి పుట్టినప్పుడు నన్ను లేబర్ రూముకి తోసుకెళ్లింది ఆయనే. తిడతాడనుకున్నాను. లేచి కొట్టినా బాగుండేది.

"ఆ పక్క మంచం పిల్ల బతికిందా?" అని అడిగాడు.

బతికిందని చెప్పాలని ఎంత అనిపించిందో! ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఆయన భార్య చావుకి ఒక అర్థం వచ్చేది, నాకూ కాస్త ఊపిరి ఆడేది.

"లేదు బాబాయ్. తెల్లారేసరికి ఆ పిల్లా పోయింది."

"తెలుసు" అన్నాడు. "ఆ రాత్రంతా మా ఆవిడ శవం కోసం ఇక్కడే ఉన్నాను, ఆ పిల్లని కిందికి దించింది కూడా నేనే. నువ్వు అబద్ధం చెప్తావేమో చూద్దామని అడిగాను."

ఎప్పుడూ నన్ను 'సిస్టరమ్మా, మీరు' అనే మనిషి నువ్వు అన్నాడు. కౌన్సిలర్ చేతిలో పెన్ను మూత పెట్టి తీస్తోంది, పెట్టి తీస్తోంది. ఆ అమ్మాయికీ ఇదంతా చదువుకున్న పుస్తకాల్లో ఉండదనుకుంటాను.

బాబాయ్ కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "ఇంకొక్కటి అడుగుతాను. ఆవిడకి తెలిసిందా? నువ్వు తీసేస్తున్నట్టు?"

ఏడు నెలలుగా నేను తల్చుకోనిది ఇదే. సూటు, బ్యాండేజీ, మీటరులో అంకెలు, ఇవన్నీ ఒక్క నిమిషంలో గుర్తొచ్చాయి. ఇది మాత్రం అప్పుడు కూడా వెనకే నక్కి కూర్చుంది. ఇప్పుడు ఆయన అడుగుతుంటే కళ్ల ముందుకు వచ్చింది. అబద్ధం చెప్తానేమోనని ఇప్పుడే పరీక్ష పెట్టిన మనిషికి ఏం చెప్పను?

"తెలిసింది" అన్నాను. "స్పానర్ పెట్టగానే నా సూటు పట్టుకుంది. ఇక్కడ, నడుం దగ్గర. గట్టిగా పట్టుకుంది బాబాయ్. నేను వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చెయ్యి దుప్పటి కింద పెట్టి వెళ్లాను."

బాబాయ్ తన కుడిచేతి వేళ్లు ఎడమ చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా, నన్ను కాదు, ఇంకెవరినో అడుగుతున్నట్టు అన్నాడు.

"మూడు రోజులుగా తెలివిలో లేదని చెప్పారు నాకు. రోజూ ఫోను చేసి చెప్పారు. నొప్పి తెలీట్లేదు, ఏమీ తెలీట్లేదు, నిద్రలో ఉన్నట్టే ఉంది అని. నేను దాన్ని పట్టుకునే బతుకుతున్నాను."

"మా వార్డులో అందరికీ అలాగే చెప్పేవాళ్లం, బాబాయ్" అన్నాను.