సైమి గుమ్మానికి రాని తివాచీ

పొద్దున్నే యువజన కేంద్రం తలుపు తీయగానే కైసు చేసే మొదటి పని కాఫీ పెట్టడం. ఆ తర్వాత, పీలికల తివాచీ ఇవాళ ఎటు వెళ్లిందో చూడటం. ఫిన్లాండ్‌లో సరస్సు పక్క ఊరది. ఉద్యోగాలు చూసే కైసు, అద్దె గదులు చూసే ఒస్మో, ఒక నర్సమ్మ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పిల్లల్ని ఆఫీసుల చుట్టూ తిప్పరు, వాళ్ల కడుపు చల్లగా!

అయినా గడప దాటలేని పిల్లలుంటారు. వాళ్ల కోసం తివాచీ వెళ్తుంది. పనిలో కుదిరినవాళ్లు ఇచ్చిపోయిన పాత బట్టలతో నేసిందది. తెల్లారేసరికి వీధి పొడవునా సాగి, మెట్లెక్కి, ఎవరి గుమ్మంలోనో ఆగుతుంది. టపా ఆవిడ సైకిలు దిగి, తివాచీని తొక్కకుండా దాటుతుంది.

ఆ వేసవంతా అది సైమి దగ్గరికే పోయింది. పరాయి ఇళ్లలో పెరిగిన పిల్ల. పద్దెనిమిది నిండాక సొంత గది దొరికింది కానీ, బయటికి రావాలంటే వణుకు. తివాచీ మీదైతేనే ఉన్ని మేజోళ్లతో కేంద్రానికి నడిచి వచ్చేది. సోమవారం బేకరీలో చేరాలి. రాకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఆదివారం ఎండ కాసింది. ఎండ కాస్తే ఆ ఊరివాళ్ల చేతులు ఊరుకోవు, తివాచీలన్నీ రేవుకు మోసుకెళ్లి తోముతారు. ఒస్మో కూడా కేంద్రం తివాచీని తోమి దండెం మీద ఆరేశాడు.

"ఇవాళ ఆ పిల్ల పనిలో చేరాలని తెలిసీ నిన్న తడిపావా? బుద్ధుండక్కర్లా?" సోమవారం కైసు విరుచుకుపడింది.

"మొదటి రోజు కదా, శుభ్రంగా ఉండాలని..." ఒస్మో తల గోక్కున్నాడు. "నీళ్లు పీల్చి బండలా ఉంది. కదలట్లేదు. పోనీ, నేనెళ్లి పిలవనా?"

"నువ్వు తలుపు కొడితే మంచం కింద దూరుతుంది."

అంతలో తలుపు తోసుకుని సైమి వచ్చింది, రొప్పుతూ.

"కైసూ, తివాచీకి ఏమైంది? పొద్దున రాలేదు! ఒంట్లో బాగాలేదా?"

"స్నానం చేసిందమ్మా, రేవులో ఆరుతోంది," అన్నాడు ఒస్మో.

"నన్ను పిలవొచ్చుగా! ఓ చెయ్యి వేసేదాన్ని."

ఆమె మేజోళ్లకు వీధి మట్టి అంటి ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కైసు కాఫీ పోసింది. ఒస్మో తన రబ్బరు బూట్లు విప్పి ముందు పెట్టాడు. సైమి వాటిని టపటపలాడిస్తూ బేకరీకి వెళ్లింది. కైసు కళ్లు తుడుచుకుని, ఒస్మోకి ఇంకో కప్పు పోసింది.

చలికాలంలో సైమి తన మొదటి ఏప్రన్ తెచ్చి, పీలికలు చేసి, తివాచీ అంచున తనే నేసింది. మర్నాడు సైకిలు మీద పనికి వెళ్తుంటే, మంచులో తివాచీ ఎవరి ఇంటికో సాగిపోతూ కనిపించింది. అన్నిటికంటే ముందు తన తెల్ల పీలిక, బేకరీలోని ఏలకుల రొట్టెల వాసనతో.

సైమి సైకిలు దిగి, జాగ్రత్తగా దాటింది.

"తొందరగా వెళ్లు, పాపం, ఎదురుచూస్తుంటారు," అంది.