గోలీ కదలని నేల

మా బావ పరిచిన నేల మీద ఒకసారి చీమల బారు దారి తప్పిందంటే మీరు నమ్మరు. ఎత్తేదో పల్లమేదో తెలిస్తే కదా వాటికి దిక్కు తెలిసేది! పాపం, గది మధ్యలో ఆగిపోయి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. చివరికి మా చెల్లెలు గుప్పెడు చక్కెర చల్లి వాటిని గుమ్మం దాకా సాగనంపింది. ఇందులో చక్కెర సంగతి ఒక్కటే అబద్ధం. గుప్పెడు చక్కెర పారబోసే చెయ్యి కాదు మా చెల్లెలిది.

బావంటే చెల్లెలి మొగుడు, టైల్స్ మేస్త్రి. ఈ పరాయి దేశానికి పని కోసం వచ్చి, జుట్టు నెరిసేదాకా ఎవరెవరి ఇళ్ళకో నేలలు పరిచాడు. నేనూ ఇక్కడే ఒక బట్టల కొట్లో దర్జీగా చేసి, సూది బెజ్జం కనబడడం మానేశాక వాళ్ళ వెనకగదిలో చేరాను. తినడం, కబుర్లు చెప్పడం, బావను ఆటపట్టించడం ఇప్పుడు నా ఉద్యోగం. దీనికి సెలవు కూడా లేదు.

బావకు నేనో పేరు పెట్టాను: వచ్చే ఏడాది. ఇల్లు కొనుక్కుందామని చెల్లెలు ఎప్పుడడిగినా "వచ్చే ఏడాది వెళ్ళిపోయేవాళ్ళం, ఇక్కడ మనకు ఇల్లెందుకే?" అనేవాడు. ఆ వచ్చే ఏడాది వచ్చేది, కూర్చునేది, టీ తాగేది, లేచి వెళ్ళిపోయేది. బావ మాత్రం ఉన్నచోటే ఉండేవాడు.

ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. మాలాంటివాళ్ళు ఇక్కడ ఉండాలంటే కంపెనీ ఏటేటా సంతకం పెట్టాలి. సంతకం ఆగిందా, పెట్టె సర్దుకోవాల్సిందే. అలాంటి చోట ఇల్లు కొనడమంటే బస్సెక్కి మన సీటుకు సున్నం వేయించుకోవడమే అనేవాడు బావ.

చెల్లెలి బాధ వేరు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వరు. అందుకని వాళ్ళ పెళ్ళి ఫోటో ఏ ఇంట్లోనైనా బీరువా వెనకే, గోడకేసి మొహం పెట్టుకుని, పంతులు నిలబెట్టిన పిల్లవాడిలా ఉండేది. "నాకు పెళ్ళయిందో లేదో నాకే అనుమానంగా ఉంది అన్నయ్యా" అని నవ్వేది. నవ్వు ఆగాక అసలు మాట అనేది: "పొమ్మనేవాళ్ళు లేని గుమ్మం ఒక్కటి కావాలి. అంతకంటే ఏం అడిగాను?"

అలా ఇళ్ళు మారుతూ మేం దిగింది ఒక ముసలావిడ ఇంట్లో. రెండు గదులు, వంటిల్లు, నా వెనకగది. గోడలు గట్టివే కానీ నేల మాత్రం ఘోరం. స్నానాల గదిలో పోసిన నీళ్ళు తూముకు పోకుండా చుట్టంచూపుగా హాల్లోకి వచ్చేవి. అది చూశాక బావకు ముద్ద దిగలేదు. పని జరిగే చోట మిగిలిపోయి చెత్తలోకి పోయే పలకలు సూపర్‌వైజరును అడిగి సంచిలో తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. బూడిద రంగొకటి, పాల రంగొకటి, ఇటుక రంగొకటి. సెలవొస్తే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ, చాప అల్లినట్టు పరిచేవాడు.

"ఎవరింటికండీ ఈ నగలు?" అని చెల్లెలు వంటింట్లోంచి అడిగేది.

"నడిచేది మనమేగా."

"నడిచేది మనం. ఉంచుకునేది ఆవిడ."

"చూడు బావా, మీ చెల్లెలికి నేల బాగుండడం ఇష్టం లేదు."

"దాని కోపం నేల మీద కాదు బావా, నీ మీద" అన్నాను. "నిన్ను తొక్కడం బాగుండదని నేలను తొక్కుతోంది."

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో అలా బాగానే నవ్వేవాళ్ళం.

నేల పూర్తయిన కొన్నాళ్ళకు ముసలావిడ వచ్చింది. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతానంది. వాళ్ళ భాషలోనే అంది, నేను మన మాటల్లో చెబుతున్నాను. "మేస్త్రీ, ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. నేను అనుకున్న పాత ధరకే ఇస్తాను, నెలాఖరులోగా చెప్పండి. ఈలోగా బ్రోకరు ఎవరినైనా తీసుకొస్తే కాదనకుండా చూపించండి. అమ్మకం సంగతులన్నీ మా అల్లుడివి. మీరు చెప్పకముందే ఎవరైనా ఎక్కువిస్తామంటే నా చేతిలో ఉండదు."

బావ గోడల మీద వేళ్ళతో కొట్టి చూశాడు. తలుపులు వేసి తీసి చూశాడు. అన్నేళ్ళుగా దాచినదంతా ఒకచోట చేరిస్తే ఆ పాత ధర అందేలాగే ఉంది. కంపెనీ సంతకం కూడా అప్పుడే పడింది. ఒక ఉదయం టీ గ్లాసు కింద పెట్టి, "ఎల్లుండి సెలవు. ఆవిడ కూతురింటికి వెళ్ళి కొంటామని చెప్పేద్దాం" అన్నాడు.

చెల్లెలు లేచింది. బీరువా వెనక నుంచి ఫోటో తీసి, కొంగుతో తుడిచి, హాల్లో గోడకు ఎదురుగా పట్టుకుని ముందుకూ వెనక్కూ నడిచింది. తర్వాత పెన్సిలు తెచ్చి, మేకు ఎక్కడ కొట్టాలో అక్కడ చుక్క పెట్టింది.

మర్నాడు సాయంత్రం బ్రోకరు వచ్చాడు. వెంట ఒక మొగుడూ పెళ్ళాం, ఖరీదైన చెప్పులతో. చెల్లెలు బావ చొక్కా అంచు పట్టుకుని, "మీరు నోరు మెదపకండి. ఒక్క పూట" అంది.

నోరు మెదిపే పని నేను తీసుకున్నాను. వానాకాలంలో ఈ ఇంట్లోకి కప్పలు వస్తాయనీ, వచ్చినవి ఊరుకోకుండా మంచాలెక్కి దుప్పటి లాక్కుంటాయనీ చెప్పాను. పైకప్పు మీద పిల్లి నడిచినా కింద గిన్నెలు మోగుతాయన్నాను. ఆడమనిషి మొహం ముడుచుకుంది. మగమనిషి జేబులోంచి కారు తాళం తీశాడు. అప్పటిదాకా బిగిసి ఉన్న చెల్లెలి భుజాలు సడలాయి. గండం గడిచినట్టే.

వెళ్ళబోతూ ఆ మగమనిషి గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, "ఈ నేల కూడా కాస్త ఒక పక్కకు వాలి ఉన్నట్టుంది కదూ?" అన్నాడు.

బావ మెడ నిక్కింది.

నేను దగ్గాను. చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపింది. బావ మమ్మల్ని చూస్తే కదా! పనిసంచిలోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. "చూడండి సార్. బుడగ ఎక్కడుంది? మధ్యలో ఉందా లేదా?" ఇంకో మూల పెట్టాడు. గుమ్మం దగ్గర పెట్టాడు. అది చాలదని అదే సంచిలోంచి, పల్లం చూడడానికి వాడే గాజు గోలీ తీసి హాలు నడిమధ్యన వదిలాడు. అది అక్కడే నిలబడింది. కదిలితే బావ పరువు పోతుందని దానికీ తెలిసినట్టు. ఆ తర్వాత వాళ్ళను స్నానాల గదికి పిలుచుకుపోయి చెంబుడు నీళ్ళు పోశాడు. నీళ్ళు ఒక్క చుక్క దారి మళ్ళకుండా తూములోకి వెళ్ళిపోయాయి.

ఆడమనిషి చెప్పులు విప్పేసింది. ఉత్త కాళ్ళతో హాలంతా నడిచి, "ఎవరు వేశారిది?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నాడు బావ. ఆయన మొహం అంత వెలిగిపోవడం పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

బ్రోకరు బయటికెళ్ళి ఫోను తీశాడు.

వాళ్ళు వెళ్ళాక కూడా గోలీ హాలు మధ్యలోనే ఉంది. చెల్లెలు దాన్ని తీయలేదు. పక్కనుంచి నడిచి వెళ్ళింది.

సెలవు రోజు పొద్దున్నే ముగ్గురం ముసలావిడ కూతురింటికి వెళ్ళాం. ఆవిడ పక్కనే అల్లుడు కూర్చున్నాడు. బావ చెప్పబోయేది చెప్పకముందే ఆవిడ అందుకుంది. "నిన్ననే బయానా ఇచ్చి వెళ్ళారు మేస్త్రీ. మేం అడిగినదానికంటే బాగా ఎక్కువే. ఆ నేల చూసి మనసు పారేసుకున్నారట. నీ చెయ్యి బంగారమయ్యా!"

"మీరూ అంత ఇవ్వగలిగితే చెప్పండి, వాళ్ళ బయానా వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తాం" అన్నాడు అల్లుడు మర్యాదగానే.

ఎంతో అతనే చెప్పాడు. బావ తన చేతులకేసి చూసుకున్నాడు. సొంత చేతి పని ఖరీదు ఆయనకు అందేది కాదు.

బస్సులో చెల్లెలు మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆయనతో అనకుండా నాతో అంది. "అమ్మిపెట్టడం అంత బాగా వచ్చిన మనిషికి కొనడం ఎందుకు రాలేదంటావు అన్నయ్యా?"

నేను మా స్టాపు వచ్చిందేమోనని కిటికీలోంచి చూశాను.

ఖాళీ చేసే రోజున గోడలు మరక లేకుండా అప్పగించాలన్నాడు అల్లుడు. చెల్లెలు రబ్బరు తెచ్చి పెన్సిలు చుక్క చెరిపేసింది. బావ గుమ్మంలో వంగి, ఒక పలక సందులో ఇరుక్కున్న దుమ్మును గోటితో తీశాడు. ఆ తర్వాత తాళం అప్పగించాం.

ఇప్పుడు ఉంటున్నది అదే ఊళ్ళో మేడమీది అద్దె ఇల్లు. ఇక్కడ వంటింటి ముందు ఒక పలక కదులుతుంది. దిగిన రోజే బావ కనిపెట్టి, పనిసంచి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెల్లెలు వచ్చి ఆ పలక మీద నిలబడింది.

"లేవండి" అంది.

"ఒక్క పలకేనే. పావుగంట పని."

"మన ఇల్లు కాదు."

బావ లేచాడు. సంచి మళ్ళీ మంచం కిందికి పోయింది. ఫోటో బీరువా వెనకే ఉంది.

ఆ పలకను దాటుకుని నడవడం ఎంతసేపు? నేనే దాటుతున్నాను, ఈ మోకాళ్ళతో. చెల్లెలు మాత్రం వెతికి మరీ దాని మీదే అడుగేస్తుంది. కూర తెచ్చేటప్పుడు ఒకసారి, మంచినీళ్ళు తెచ్చేటప్పుడు ఒకసారి. టక్కుమంటుంది. అన్నం కలుపుతున్న బావ చెయ్యి ఆగిపోతుంది. నేను గబగబా చీమల కథ ఎత్తుకుంటాను. ఇదివరకు చక్కెర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు బావ తల ఎత్తడు. చెల్లెలు గిన్నె తీసుకుని వంటింట్లోకి పోతుంది, ఆ పలక మీదుగానే.