డాబా మీది నాలుగు గీతలు

కోడూరు దాటి కరకట్ట చివరికంటా వెళ్తే ఒక పల్లెపాలెం. అక్కడ ఫోన్లకు కొదవ లేదు, మాటకే కొదవ. రీచార్జిలో చార్జి మాత్రమే ఊళ్లోవాళ్లది. రీచ్ సంగతి కంపెనీకే తెలియాలి. వేట నుంచి వచ్చిన దుర్గారావు ఆ పూట గిలకలదిండి హార్బరులో చేప ధరెంతో కనుక్కోవాలంటే తుఫాను షెల్టరు డాబా ఎక్కాలి. ముప్పై ఆరు మెట్లు. చేపకు ఐసు, మనిషికి ఆయాసం.

ఇందులో దుర్గారావు చేసిన ఘనకార్యం కూడా ఉంది. రెండేళ్ల కిందట సిగ్నల్ కొలవడానికి ఒకాయన వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టడం పల్లెలో మర్యాద కాదు. దుర్గారావు ఆయన్ని తిన్నగా డాబా ఎక్కించి, బోండాం కొట్టించి, "ఇక్కడైతే బ్రహ్మాండంగా వస్తుందండీ" అన్నాడు. ఫోనులో నాలుగు గీతలు కనపడ్డాయి. ఆయన రాసుకున్నాడు. ఆ నాలుగు గీతలతో ఊరి నుదుటి గీత మారిపోయింది. సిగ్నల్ ఉన్న ఊరంటూ, కొత్త టవర్లు వెయ్యాల్సిన ఊళ్ల జాబితాలోంచి పేరు కొట్టేశారు.

ఆ గుట్టు లాగింది కృపావతి గారు. బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు ఆపరేటరుగా చేసి, రిటైరయ్యాక వినియోగదారుల సంఘం పెట్టిన మనిషి. ఒకప్పుడు ఊళ్లను కలిపిన చెయ్యి, ఇప్పుడు కంపెనీలను కడుగుతోంది. బందరులో టెలిఫోన్ అధికారులు పెట్టిన సభలో ఆవిడ లేచిన తీరు దుర్గారావు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"కంపెనీల రాబడిలోంచి కొంత వాటా సిగ్నల్ లేని ఊళ్ల కోసం పెట్టిన నిధికి వెళ్తుందండీ. అది మా రీచార్జిల్లోంచి వచ్చిందే. వద్దనడం లేదు, వెళ్లాల్సిందే. కానీ చందా ఇచ్చినవాడికే విస్తరి వెయ్యకపోతే అదేం సంతర్పణండీ? మళ్లీ కొలవండి."

మళ్లీ కొలవడానికి ఆనంద్ అనే కుర్ర ఆఫీసరు వస్తున్నాడని తెలిసి దుర్గారావు ముందే కృపావతి గారిని అడిగాడు.

"డాబా ఊసెత్తకుండా ఉండమంటారా అమ్మగారూ?"

"దాచమని ఎవరన్నారయ్యా? నువ్వు కాపురముండేది డాబా మీదా, ఇంట్లోనా?"

"ఇంట్లోనేనండి."

"అయితే ముందు కాపురమున్నచోట కొలిపించు. డాబా తర్వాత."

ఇంట్లో సున్న. రేవులో సున్న. బడి దగ్గర సున్న. అన్నీ రాసుకున్న ఆనంద్ చెమట తుడుచుకుంటూ, "మా ఆఫీసుకు ఫోన్ చెయ్యాలండీ, ఎక్కడ వస్తుంది?" అన్నాడు. దుర్గారావు నాలుక చివరిదాకా వచ్చిన మర్యాదను అక్కడే ఆపి కృపావతి గారి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అందరూ డాబా ఎక్కారు. పైన ఆనంద్ రొప్పుతూ నాలుగు గీతలని రాశాడు.

"మెట్లెన్నో కూడా రాయండి బాబూ," అందావిడ. "మీరు ఎక్కారుగా."

ఆనంద్ వంగి చూసి, లెక్కపెట్టి, ముప్పై ఆరని రాశాడు.

నెల తిరక్కుండా ఊరి పేరు జాబితాకెక్కింది. ఆ కబురు చెప్పడానికి కృపావతి గారు బందరు నుంచి పొద్దుటే ఏడుసార్లు ఫోన్ చేశారు. ఒక్కటీ తగల్లేదు. చివరికి బస్సెక్కి, అవనిగడ్డలో మారి, కోడూరు నుంచి ఆటోలో దిగి, తానే వచ్చి చెప్పారు.

దుర్గారావు అలవాటు కొద్దీ, "పైకి రండి అమ్మగారూ, గాలొస్తుంది," అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. ఆవిడకు అరవై ఆరేళ్లు.

గబగబా షెల్టరు నీడన కుర్చీ వేసి, బోండాం అక్కడికే తెచ్చాడు.