తనది కాని యుద్ధం

ఎల్వెదిన్ క్రుపిచ్‌కి పదిహేనేళ్ళు నిండేసరికి అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని బోస్నియా వాళ్ళ పేటలో ఏ గుమ్మంలోనైనా తల వంచుకుని దూరాల్సి వచ్చేది. జుకో బాబాయ్ కాఫీ కొట్లో పొద్దస్తమానం పేకాడుతూ కూచునే పెద్దమనుషులకి అతని పొడుగు మంచి కాలక్షేపం.

"ఏరా రెఫిక్, నీ కొడుక్కి తిండి పెడుతున్నావా, ఎరువు వేస్తున్నావా?" అనేవాడు జుకో.

"ఎరువు వేస్తే కాపైనా కాసేది," అనేవాడు రెఫిక్, ముక్కల్లోంచి తలెత్తకుండా. "వీడు చెడ్డీ వేసుకుని బంతి వెంట పరిగెడుతున్నాడు."

రెఫిక్ లారీ డ్రైవరు. మూడు రాష్ట్రాలు దాటి సరుకు దించి వచ్చి, కాళ్ళు బారజాపి, కొడుకు ఆట గురించి ఎవరేం చెప్పినా పెదవి విరిచేవాడు. ఎల్వెదిన్ కూడా తండ్రికి తగ్గ కొడుకే. కాఫీ కొట్టు వాళ్ళంటే అతనికి చులకన. వచ్చి ఇన్నేళ్ళయినా ఇంగ్లీషులో పాలప్యాకెట్ అడగలేని మనుషులు, బోస్నియాలో ఎవరి ఇల్లు ఎంత పెద్దదో చెప్పుకుంటూ బతికేస్తున్నారని లోలోపల ఈసడించుకునేవాడు. వాళ్ళలా కాకుండా పోవడానికి బాస్కెట్‌బాల్ ఒక్కటే దారి అనుకున్నాడు.

ఆ దారి వాళ్ళ ఇంటికే వచ్చింది. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక విశ్వవిద్యాలయం కోచ్, వెండెల్ ప్రూయిట్ అనే ఆయన, ఎర్రటి మెడ, తళతళలాడే బూట్లతో వచ్చి వాళ్ళ సోఫాలో కూచున్నాడు. తల్లి హైరియా మాంసం కూరి చుట్టిన బురెక్ వేడివేడిగా తెచ్చి పెడితే దాన్ని కత్తితో, ఫోర్కుతో ముక్కలు కోసి, ఆపరేషన్ చేస్తున్నట్టు తిన్నాడు. తర్వాత గొంతు తగ్గించి బోస్నియా యుద్ధం గురించి అడిగాడు. ఆ మాట వినగానే రెఫిక్ లారీ టైరు చూడాలంటూ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"చిన్నప్పుడు ఏం ఆడుకునేవాడివి, బాబూ?" అన్నాడు ప్రూయిట్.

"బంతి," అన్నాడు ఎల్వెదిన్.

"ఆ బాంబుల మధ్యా?"

యుద్ధం మొదలైనప్పుడు ఎల్వెదిన్‌కి మూడేళ్ళు. బాంబులు తమ ఊరికి రాకముందే తల్లి అతన్ని చంకనేసుకుని జర్మనీ బస్సెక్కింది. అమెరికా వచ్చేదాకా అతను పెరిగింది స్టట్‌గార్ట్‌లో. అక్కడ బంతి కొట్టిన నేల నున్నటి తారు. ఆడిన బంతి పుట్టినరోజుకి కొట్లో కొన్న తోలు బంతి. కానీ ఎదురుగా ఉన్న పెద్దమనిషి కళ్ళు అప్పుడే చెమ్మగిల్లుతున్నాయి. ఆ చెమ్మ వృథా పోనివ్వడం ఎందుకనిపించింది.

"అవునండీ," అన్నాడు.

సీటు వచ్చేసింది.

విశ్వవిద్యాలయంలో ఎల్వెదిన్ నిజంగానే బాగా ఆడాడు. ఆ మాట ఒప్పుకోవాలి. పెద్ద చేతులు, దొంగ అడుగులు, వెనక్కి చూడకుండానే బంతి అందించే నేర్పు. కానీ ప్రూయిట్‌కి ఆట కంటే ఆటగాడి గతం ఎక్కువ గిట్టుబాటు. ఆ విశ్వవిద్యాలయానికి విరాళాలిచ్చే ఆసాములు ఉండేవాళ్ళు. ట్రాక్టర్ల డీలర్లు, పందుల ఫారాల యజమానులు, వాళ్ళ ముత్యాల హారాల భార్యలు. విందు పెట్టినప్పుడల్లా కోచ్ ఎల్వెదిన్‌ని లేపి నిలబెట్టేవాడు.

"చెప్పు నాయనా, ఆ బంతి సంగతి చెప్పు."

ఎల్వెదిన్ చెప్పేవాడు. మొదట అది ఉత్త బంతి. తర్వాత పాతగుడ్డలు చుట్టిన బంతి అయింది. తర్వాత దానికి ఒక నేలమాళిగ, ఒక కొవ్వొత్తి తోడయ్యాయి. వింటున్న వాళ్ళు పందిమాంసం నములుతూనే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళ మొహాలు చూస్తే అతనికి రోత పుట్టేది. వీళ్ళకి బోస్నియా భూగోళం మీద ఎక్కడుందో కూడా తెలీదు, ఏడవడానికి మాత్రం ముందుంటారు అనుకునేవాడు. ఆ రోతలో తన వాటా ఎంతో మాత్రం చూసుకునేవాడు కాదు.

విన్నదే వినేసరికి ఆసాములకి రుచి తగ్గింది. చప్పట్లు పలచబడటం ఎల్వెదిన్ గమనించాడు. అప్పుడు అతను తండ్రిని తీసుకొచ్చి కథలో పెట్టాడు.

రెఫిక్ యుద్ధంలో ఖైదీల శిబిరంలో ఉన్నాడు. స్టట్‌గార్ట్ స్టేషన్లో రైలు దిగినప్పుడు పెళ్ళాం కూడా పోల్చుకోలేనంతగా చిక్కిపోయి ఉన్నాడు. శిబిరం గురించి ఆయన ఏనాడూ నోరు విప్పలేదు. హైరియా మాత్రం ఒకసారి, పెళ్ళిళ్ళలో నాన్న ఎందుకు పాడడని కొడుకు అడిగితే, వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. కాపలా వాళ్ళు ఖైదీల్ని వరసలో నిలబెట్టి పాటలు పాడించేవాళ్ళట. గొంతు పెగలనివాణ్ణి పక్కకి తీసుకుపోయేవాళ్ళట. "మీ నాన్న ముందు ఈ మాట ఎత్తకు," అంది.

ఎల్వెదిన్ తండ్రి ముందు ఎత్తలేదు. ముందు ట్రాక్టర్ల డీలర్ల ముందు ఎత్తాడు. మూడో ఏడు పెద్ద పోటీకి ముందు టీవీ వాళ్ళు వస్తే కెమెరా ముందూ ఎత్తాడు.

ఆ రోజు జుకో కొట్లో అందరూ టీవీ చుట్టూ మూగారు. తమ పేట కుర్రాడు దేశమంతా చూసే ఆటలో ఉన్నాడని అంతకుముందు వెక్కిరించిన వాళ్ళే కొత్త చొక్కాలు తొడుక్కొచ్చారు. ఆట మొదలవకముందు ఎల్వెదిన్ మొహం తెర నిండా వచ్చింది. తండ్రి శిబిరం, వరసలో ఖైదీలు, పాట, అన్నీ చక్కటి ఇంగ్లీషులో, సరైన చోట ఆగుతూ చెప్పాడు. కొట్లో చూస్తున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అదే శిబిరంలో ఉన్నవాళ్ళు. రెఫిక్ కప్పు కింద పెట్టి, కోటు తీసుకుని, ఆట చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎల్వెదిన్ గెలిచిన సంబరంలో ఇంటికి ఫోన్ చేస్తే తండ్రే తీశాడు.

"చూశావా నాన్నా?"

"చూశాను. ఎవరు చెప్పారు నీకు?"

ఎల్వెదిన్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"సరే, అమ్మే అయుంటుంది. ఒక్కటడుగుతాను చెప్పు. నేను పాడింది నెత్తిమీద తుపాకి ఉందని. నువ్వు దేనికి పాడుతున్నావు?"

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత కొడుకు ఆట ఎప్పుడూ చూడలేదు. ఇంటికొస్తే తిన్నావా, పడుకున్నావా అనేవాడు తప్ప బంతి ఊసెత్తేవాడు కాదు. ముసలాయనకి చాదస్తం అనుకున్నాడు ఎల్వెదిన్. అలా అనుకోకపోతే నిద్ర పట్టేది కాదు.

ఆఖరి ఏడు అతని ఎడమ పాదంలో ఎముక చిట్లింది. డాక్టరు ఆడొద్దన్నాడు. ప్రూయిట్ పక్కన కూచుని భుజం మీద చెయ్యేశాడు.

"అంత యుద్ధం చూసినవాడివి, ఈ మాత్రం నొప్పి నీకొక లెక్కా?"

కాదనాలంటే స్టట్‌గార్ట్ సంగతి చెప్పాలి. ఎల్వెదిన్ పాదానికి పట్టీ బిగించుకుని ఆడాడు. ఎముక సగం అతికి, వంకరగా కుదురుకుంది. మళ్ళీ మునుపటిలా ఎగరలేకపోయాడు. అమెరికాలో పెద్ద జట్లు ఆటగాళ్ళని ఎంచుకునే రోజున జుకో కొట్లో వాళ్ళు చివరి పేరు దాకా కాచుక్కూచున్నారు. అతని పేరు రాలేదు. "నేను ముందే చెప్పాను," అన్నాడు జుకో, ఎప్పుడూ ఏమీ చెప్పనివాడు. ప్రూయిట్‌కి ఫోన్ చేస్తే సహాయకుడు ఎత్తాడు. కోచ్ గారు విందులో ఉన్నారట. కాంగో నుంచి కొత్త కుర్రాడొచ్చాడు. వాడి కథ ఇంకా బాగుందట.

ఎల్వెదిన్ ఐరోపా వెళ్ళాడు. పోలండ్‌లో ఒక ఏడు, టర్కీలో రెండేళ్ళు, ఏ క్లబ్బులోనూ కుదురుగా నిలవలేదు. చివరికి బోస్నియాలోనే ఒక గనుల ఊరి క్లబ్బు పిలిచింది. హాల్లో చలికి నోట్లోంచి పొగలొచ్చేవి. అయినా తన మనుషుల మధ్యకి వచ్చానని, వాళ్ళు తనని నెత్తిన పెట్టుకుంటారని అనుకున్నాడు.

మొదటి గెలుపు తర్వాత జట్టంతా ఒక హోటల్లో గుండ్రంగా కూచుని తాగుతున్నారు. ఎల్వెదిన్ అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. నేలమాళిగ, కొవ్వొత్తి, గుడ్డల బంతి. ఈసారి సొంత భాషలో చెబుతున్నాడు కాబట్టి ఇంకా బాగా వస్తుందనుకున్నాడు. బల్ల చుట్టూ ఒక్కొక్కరూ తినడం ఆపారు. ఎవరి కళ్ళలోనూ చెమ్మ లేదు.

కెప్టెన్ జెవాద్ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు. "నీకప్పుడెన్నేళ్ళు?"

"మూడు."

"ఎక్కడున్నావు?"

అబద్ధం ఆడదామనుకున్నాడు గానీ, ఆ చూపు ముందు నాలుక తిరగలేదు.

"స్టట్‌గార్ట్‌లో."

"అయ్యో పాపం," అన్నాడు జెవాద్. "ట్రామ్ ఆలస్యంగా వచ్చేదేమో."

బల్లంతా ఘొల్లుమంది. జెవాద్ నవ్వలేదు. "మా దగ్గరా ఉన్నాయి బాబూ కథలు. ఈ బల్ల చుట్టూ అందరి దగ్గరా ఉన్నాయి. అవి నీళ్ళ పంపులు కావు, వచ్చినవాడికల్లా తిప్పి చూపించడానికి," అన్నాడు. తర్వాత రొట్టె తుంచుకుని వేరే మాటలోకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి ఎల్వెదిన్ పేరు స్టట్‌గార్ట్. జట్టులో అదే, ఊళ్ళో అదే. ఫ్రీ త్రో తప్పితే గనుల వాళ్ళు గ్యాలరీల్లోంచి, "ఏం స్టట్‌గార్ట్, చెయ్యి వణికిందా? బాంబు పడిందా?" అని అరిచేవాళ్ళు. యుద్ధంలో జెవాద్ వాళ్ళన్నయ్య మంచినీళ్ళ కోసం బిందె పట్టుకెళ్ళి తిరిగి రాలేదన్న సంగతి చాలా నెలల తర్వాత మరెవరో చెబితే తెలిసింది. ఎల్వెదిన్ ఆ రోజు సాధనకి వెళ్ళలేకపోయాడు. జీవితంలో మొదటిసారి, తను ఇన్నేళ్ళూ అందరి మీదా చూపించిన చులకన తిన్నగా తన మీదికే తిరిగింది. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది.

వేసవిలో సెయింట్ లూయిస్ వచ్చాడు. విశ్వవిద్యాలయం వాళ్ళు అతని జెర్సీని హాలు కప్పు కింద వేలాడదీస్తామని, మధ్యాహ్నం భోజనానికి రమ్మని పిలిచారు.

"నాన్నా, నువ్వూ రా," అన్నాడు.

"దేనికి? పాడటానికా?" అన్నాడు రెఫిక్.

అయినా ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు స్టీరింగు ముందు కూచుని హారన్ కొట్టాడు. దారి పొడుగునా మిగతా డ్రైవర్లని తిట్టడం తప్ప మరో మాట లేదు.

భోజనాల దగ్గర అవే ముత్యాలు, అవే ఎర్రటి మెడలు, అదే పందిమాంసం. పందిమాంసం ముట్టని రెఫిక్ బంగాళాదుంపలు మాత్రం తిన్నాడు. ప్రూయిట్‌కి ఇప్పుడు పొట్ట బూట్లని దాటి ముందుకొచ్చింది. మైకు పట్టుకుని నేలమాళిగ, కొవ్వొత్తి, పాట అన్నీ తనే చెప్పేశాడు. తన కళ్ళతో చూసినట్టే చెప్పాడు. తర్వాత ఎల్వెదిన్‌ని పిలిచాడు.

ఎల్వెదిన్ కాగితమేమీ పట్టుకోకుండా లేచాడు.

"కోచ్ చెప్పింది నిజం కాదు," అన్నాడు. "నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ నన్ను జర్మనీలో స్టట్‌గార్ట్‌కి తీసుకుపోయింది. బాంబు ఎలా ఉంటుందో నాకు తెలీదు. నా బంతి తోలుది, కొట్లో కొన్నది. మా ఇంట్లో బాధ పడింది మా నాన్న. ఆ బాధ గురించి మీకు చెప్పే హక్కు నాకు లేదు. మీ ముందు అబద్ధం ఆడాను. మా నాన్న ముందు తప్పు చేశాను."

ఛీ కొడతారని, కనీసం ఒక్కడైనా లేచి బయటికి పోతాడని ఎదురుచూశాడు. ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదింది. పక్కనున్న పందుల ఫారం ఆయన లేచి చప్పట్లు మొదలెట్టాడు. తర్వాత అందరూ లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

ప్రూయిట్ మైకు లాక్కున్నాడు. "చూశారా వినయం? తన కష్టాన్ని కూడా తనది కాదంటున్నాడు. యుద్ధం మనిషిని అలా చేస్తుంది."

ఎల్వెదిన్ కిందికి దిగేసరికి ముత్యాల ఆవిడ రెఫిక్ రెండు చేతులూ పట్టుకుని ఉంది.

"స్టట్‌గార్ట్‌లో ఎన్ని కష్టాలు పడ్డారో కదా మీరు," అంటోంది.

"పడ్డామమ్మా," అన్నాడు రెఫిక్ తన మొరటు ఇంగ్లీషులో. "అక్కడ వాన ఎక్కువ."

కారెక్కి ఊరు దాటేసరికి రోడ్డుకి రెండువైపులా మొక్కజొన్న మొదలైంది. రెఫిక్ భుజాలు కదలడం చూసి తండ్రి ఏడుస్తున్నాడనుకున్నాడు ఎల్వెదిన్. తిరిగి చూస్తే నవ్వుతున్నాడు. ఆ నవ్వుకి కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

"ఇంత మొద్దు మొహాలకా నువ్వు నన్ను అమ్మింది?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నేనింకా తెలివైన వాళ్ళేమో అని ఇన్నేళ్ళు కుళ్ళిపోయాను."

"నాన్నా, నన్ను క్షమించు."

"ఊరుకో. నువ్వూ వాళ్ళలో ఒకడివేగా," అన్నాడు రెఫిక్. కారు మళ్ళీ రోడ్డెక్కించి, ముందుకి చూస్తూనే అడిగాడు. "ఆ పాదం ఇంకా నొప్పెడుతోందా?"

"చలికాలంలో."

"అంతటి వెధవ కోచ్ చెబితే ఆడావన్నమాట," అని గేరు మార్చాడు.

ఎల్వెదిన్ గనుల ఊరికి తిరిగెళ్ళి ఇంకో ఏడు ఆడాడు. గ్యాలరీలు ఏమని పిలిచినా తలెత్తి చూసి ఊరుకునేవాడు. జెవాద్‌తో స్నేహం కుదరలేదు గానీ, వెళ్ళిపోయే రోజు అతను చెయ్యి చాచి గట్టిగా నొక్కాడు. పాదం ఇక ఒప్పుకోకపోయేసరికి ఎల్వెదిన్ సెయింట్ లూయిస్ వచ్చేసి, తమ పేట బళ్ళో ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. అఫ్గానిస్తాన్ పిల్లలు, సిరియా పిల్లలు, వియత్నాం పిల్లలు. పత్రిక వాళ్ళెవరైనా వచ్చి ఈ పిల్లలు ఏ కష్టాలు దాటొచ్చారని అడిగితే, "సాధనకి ఆలస్యంగా వస్తారు, అదొక్కటే కష్టం," అని పంపించేస్తాడు.

రెఫిక్ లారీ మానేశాక ఆ ఆటలకి రావడం మొదలుపెట్టాడు. పై వరసలో, గోడకి వీపు ఆనించి, గుమ్మం కనబడేలా కూచుంటాడు. రిఫరీ గుడ్డివాడంటాడు. కొడుకు పన్నాగాలు దద్దమ్మ పన్నాగాలంటాడు. ఆట అయ్యాక కిందికి దిగొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు.

"నీ పిల్లల్లో ఒక్కత్తికైనా ఎడమ చేత్తో బంతి కొట్టడం వచ్చా? చూస్తుంటే కడుపులో తిప్పుతోంది."

"మరెందుకొస్తున్నావు నాన్నా?"

"ఇంట్లో మీ అమ్మ ఊడుస్తోంది," అంటాడు. "మళ్ళీ ఆట ఎప్పుడు?"