మూడు స్తంభాల దూరం

సుత్తె దెబ్బకు ఠంగుమంటే భిక్షం ఆగడు. ఓటికుండను తట్టినట్టు వినిపిస్తేనే వంగుతాడు. ఆ పొద్దు రఘునాథపల్లి స్టేషను దాటి అరకిలోమీటరు పోకముందే రెండుసార్లు వంగాల్సి వచ్చింది. చలికాలం ఇనుము ముడుచుకుంటుంది. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పులు అక్కడొకటి ఇక్కడొకటి వదులవుతాయి. వదులైనదాన్ని రెండు దెబ్బలతో లోపలికి దిగ్గొట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, వెనకాల వస్తున్న సుజాత వైపు తిరిగాడు.

“ఇన్నవా చెల్లె? ముందటి చప్పుడుకు, గిప్పటి చప్పుడుకు ఫరక్ తెల్సిందా?”

“తెల్సిందన్నా. ముందుగాల దగ్గినట్టున్నది. గిప్పుడు మాట్లాడినట్టున్నది.”

పనికొస్తుంది ఈ పిల్ల అనుకున్నాడు. పిల్ల అంటే పిల్ల కాదు, ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, గ్యాంగులో ఎనిమిదేళ్లు పార పట్టి స్లీపర్ల కింద కంకర కూరిన చెయ్యి. రేపటి నుంచి ఈ ఆరు కిలోమీటర్ల బీటుకు, రోజూ పట్టా వెంట నడిచి క్లిప్పులు చూసే కీమ్యాన్ ఆమే. ఈ రోజు డిసెంబరు ముప్పై ఒకటి, భిక్షం కొలువుకు చివరి రోజు.

ముప్పై నాలుగేళ్లు దినానికి పన్నెండు కిలోమీటర్లు, పోను ఆరు, రాను ఆరు, కంకర మీద నడిచిన పాదాలవి. వేళ్ల దగ్గర చేటల్లా వెడల్పయి ఏ దుకాణంలోని చెప్పులకూ లొంగవు. పానాలు, జెండాల సంచి మోసీ మోసీ ఎడమ భుజం నాలుగు వేళ్లు కిందికి దిగింది. చూపు ఎప్పుడూ నేల మీదే. పెళ్లికి పోయినా పెళ్లికొడుకు మొహం కన్నా పందిరి గుంజ గట్టిగా పాతారా లేదా అనేదే ముందు చూస్తాడని భార్య గోరీ ఆటపట్టిస్తుంది. ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. ఆయన బీటు మీదుగా పోయిన రైళ్లలో నిద్రపోయిన లక్షలమందికి ఆయన ఎవరో తెలియదు. వాళ్లకు మెలకువ రాకపోవడమే తన పనితనమని భిక్షానికి తెలుసు, ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన ఛాతీ కొంచెం పొంగుతుంది.

“అన్నా, నీ బండి ఏడిదాకచ్చింది?” అంది సుజాత. అడిగి ఎందుకో మొహం పక్కకు తిప్పుకుంది.

“ఇంక మూడు స్తంభాలే ఉండె. ఆగిపాయె.”

భిక్షమన్న బండి అంటే గ్యాంగులో తెలియనివాళ్లు లేరు. మూడేళ్ల కిందట, మహబూబాబాద్ గురుకులంలో సైన్సు చెప్పే కూతురు జమున సెలవులకు వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఎర్రటి నేల, పలుగురాళ్లు, దూరాన ఒక బోడిగుట్ట. ఇంట్లో వాళ్లది తండా భాష. దాన్ని తెలుగులో చెప్పుకుంటే మాటలు ఇలా సాగాయి.

“గిది బచ్చన్నపేట కాడి చెలక గదా బిడ్డా. ఈ యేడు పత్తి పెట్టలేదా?”

జమున పడీపడీ నవ్వింది. అది అంగారక గ్రహమనీ, రోవర్ అనే ఆరు చక్రాల బండి మనిషి లేకుండా అక్కడ తిరుగుతూ రాళ్లను పరీక్షిస్తోందనీ, ఆ బొమ్మ అదే తీసి పంపిందనీ చెప్పింది.

“రోజుకెంత నడుస్తది?”

“మంచిగ నడిచిన్నాడు అరవై, డెబ్బై మీటర్లు బా. ఒక్కోసారి వారం దినాలు కదలనే కదలదు.”

ఈసారి నవ్వడం భిక్షం వంతయింది. అంత దూరం పోయి ఆ పాటి నడకేనా అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక, పని తెలిసినవాడు కాబట్టి, పని ప్రశ్న వేశాడు.

“చక్రం ఇరిగితే ఎవరు బాగుచేస్తరు?”

“ఎవరున్నరు బా అక్కడ? రాళ్ల మీద నడిచీ నడిచీ చక్రాలకు చిల్లులు పడ్డయి. గట్లనే చూస్కుంట నడుస్తది.”

భిక్షం నవ్వు ఆ మాటతో పోయింది. తోడు లేకుండా, కాలి కింది రాయిని చూసుకుంటూ, ఏది గట్టిదో ఏది బోలుదో తేల్చుకుంటూ పోయేది ఇంకొకటి ఉందన్నమాట. అది యంత్రమని జమున ఎంత చెప్పినా చెవికెక్కలేదు. మర్నాడు గ్యాంగు మేస్త్రీ సోమనర్సయ్యతో గంభీరంగా చెప్పాడు, “మంగళ గ్రహం మీద గుడ ఒక కీమ్యాన్ ఉన్నడే.”

ఆ రోజే కంకర రాయి ఒకదానికి తెల్ల సున్నం పూసి, తన బీటు మొదటి స్తంభం కింద పెట్టాడు. లైను పొడుగునా కరెంటు తీగలను మోసే స్తంభాలు సుమారు అరవై మీటర్లకొకటి ఉంటాయి. రోవర్ మంచి రోజు నడక ఒక స్తంభం. జమున ఫోను చేసి ఎంత నడిచిందో చెబుతుంది, ఆయన రాయిని అంత ముందుకు జరుపుతాడు. ఒకసారి పెద్ద పేచీ వచ్చింది. ఆ నెల బండి ఇసుకలో పడి వచ్చిన దారినే వెనక్కి మళ్లిందని, జమున చెప్పిన మీటర్లలో వెనక్కి నడిచినవి కూడా ఉన్నాయని ఆలస్యంగా తెలిసింది. రాయిని వెనక్కి జరపాల్సిందేనని గ్యాంగు పట్టుబట్టింది. భిక్షం రెండు రోజులు అన్నం సరిగా తినకుండా ఆలోచించి తీర్పు చెప్పాడు. కీమ్యాన్ పోయిన ఆరూ నడకే, తిరిగొచ్చిన ఆరూ నడకే. మనకు లేని రూలు దానికెందుకు? రాయి ఉన్నచోటే ఉండిపోయింది.

సుజాతదీ తక్కువ నోరు కాదు. కుజదోషమని చెల్లెలి సంబంధం తప్పిపోయిన రోజు ఆ రాయి ముందు నిలబడి, “ఓ బండీ, గా కుజుని నెత్తి మీదనే తిరుగుతున్నవ్ గదా, మా చెల్లె సంగతి జర చెవిల ఎయ్యరాదు?” అని దండం పెట్టింది. ఆర్నెల్లలో చెల్లెలికి భూపాలపల్లి సంబంధం కుదిరింది. అప్పటి నుంచి గ్యాంగులో సగంమంది ఆ రాయిని దేవుడిలా ఎంచి, దాటకుండా పక్క నుంచి నడుస్తారు.

అట్లా మూడేళ్లకు రాయి ఆరు కిలోమీటర్ల బీటు దాదాపు మొత్తం నడిచి వచ్చింది. భిక్షానికి ఒక్కటే కోరిక మిగిలింది. తాను దిగిపోయేలోగా అది తన బీటు చివరి స్తంభాన్ని చేరాలి. అంత పెద్ద కోరికా కాదు. కానీ రెండు రోజుల కిందట జమున ఫోను చేసి, ఆ గ్రహం సూర్యుడికి అవతలి పక్కకు పోయిందనీ, సూర్యుడు అడ్డం తొలగేదాకా మాట అందదనీ, ఇంకో రెండు వారాలు బండిని కదలనివ్వరనీ చెప్పింది. మూడు స్తంభాలు మిగిలాయి. పైకి “పోనీ తియ్ బిడ్డా” అన్నాడు గానీ ఆ రాత్రి ముద్ద దిగలేదు.

తొమ్మిదిన్నరకు, చివరికి మూడు స్తంభాల ఇవతల, రాయి ఆగిన స్తంభం దగ్గరికి వచ్చారు. దాని కింద రాయి లేదు.

భిక్షం ముందు స్తంభం చుట్టూ చూశాడు. తర్వాత కంకర దిగువన గడ్డిలో చూశాడు. సంచి కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు.

“కుక్కలు లాక్కపోయినయేమో అన్నా,” అంది సుజాత, ఆయన మొహం చూడకుండా. “నడువు, పొద్దు పోతున్నది.”

“రాయిని కుక్కలేం చేస్కుంటయ్ చెల్లె?”

భిక్షం లేచి సంచి ఎత్తుకుని, క్లిప్పులు తడుతూ ముందుకు నడిచాడు. ఆ మూడు స్తంభాల దూరం ఆయనకు చాలా పొడుగనిపించింది.

బీటు చివర పదిమంది నిలబడి ఉన్నారు. ఆరెంజి జాకెట్లు, మధ్యలో సోమనర్సయ్య, ఒకరి చేతిలో బూందీ లడ్డూల డబ్బా. ఆయన దగ్గరికి రాగానే చప్పట్లు కొట్టారు. సోమనర్సయ్య మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ తెచ్చి మెడలో వేశాడు. వేసి పక్కకు జరిగి, చెయ్యి చాచి చూపించాడు.

చివరి స్తంభం కింద, పసుపు కుంకుమ పెట్టిన తెల్ల రాయి ఉంది.

“నీ బండి వచ్చిందే అన్నా! నీ దినం మీదనే వచ్చింది!”

అందరూ నవ్వారు. సుజాత ఒక్కతే నవ్వలేదు. భిక్షం రాయిని చూశాడు, వాళ్లను చూశాడు. వాళ్ల ప్రేమ ఆయనకు అర్థం కాకపోలేదు. చలిలో తెల్లారకముందే వచ్చి, రాయిని మోసుకొచ్చి పెట్టిన మనుషులు వీళ్లు. ఇప్పుడు కాదంటే వాళ్ల మనసు ఎంత చివుక్కుమంటుందో తెలుసు.

కొలువులో చేరిన రెండో యేడు భిక్షం ఒకనాడు వానలో, చివరి నాలుగు స్తంభాలు ఉన్నాయనగా వెనక్కి తిరిగి, డైరీలో మాత్రం బీటంతా చూసినట్టు రాశాడు. మర్నాడు ఆ నాలుగు స్తంభాల మధ్యే ఏడు క్లిప్పులు ఊడి కంకరలో పడి ఉన్నాయి. వాటి మీదుగా రాత్రంతా రైళ్లు పోయాయి. ఏమీ కాలేదు. ఎవరికీ తెలియలేదు. గోరీకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తర్వాత నడవని అడుగు ఆయన ఎక్కడా రాయలేదు.

దండ మెల్లగా మెడలోంచి తీశాడు.

“సోమనర్సయ్యా, బండి ఇంక రాలేదే. గది మూడు స్తంభాల అవుతల్నే ఉన్నది.”

“తెల్సన్నా. జరసేపు ఉండనీ. ఫొటో దిగి జమునకు పంపినంక మళ్ల ఆడ్నే పెడ్దువు తియ్.”

“జమున బడిల పిల్లలకు చూపిస్తది. బండి ఆగిందని నువ్వే చెప్తివి గదా మేడం, మరి రాయెట్ల వచ్చిందని ఒక్క పిల్ల అడిగితె అదేం చెప్పాలె?”

“మేం నీ కోసం చేస్తిమి,” అన్నాడు సోమనర్సయ్య. మొహం మాడ్చుకున్నాడు.

“ఎరుకే తమ్మీ. నా కోసం చేసిండ్రు. గది ఎవరూ లేని కాడ ఒక్కతె నడుస్తున్నది. దాని నడక దానికి ఉండనియ్యాలె గదా.”

దండను చివరి స్తంభానికి, మనిషి మెడంత ఎత్తులో చుట్టి ముడి వేశాడు. “గిది దానిది. వచ్చిన్నాడు ఎయ్యుండ్రి.”

“అప్పటికి ఎండిపోతది గదనే!” అన్నాడు సోమనర్సయ్య.

“ఎండితె ఎండనీ.”

వంగి రాయిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. మూడు స్తంభాలు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. సగం దూరంలో కాజీపేట వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పక్కకు దిగి నిలబడ్డాడు. చేతుల్లో రాయి ఉన్నా అలవాటు కొద్దీ తలవంచి ఒక్కో చక్రాన్నీ చూశాడు. చివరి పెట్టె పోయాక మళ్లీ పైకెక్కి నడిచాడు. చూస్తున్న సోమనర్సయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, ఎందుకు తీశాడో తనకే తెలియనట్టు.

“నేను జెప్పిన, వద్దని జెప్పిన,” అంది సుజాత, ఆయన వెంట వచ్చి. రాయిని సరిగ్గా స్తంభం కింద పెట్టి, కదలకుండా కంకర సర్ది, నుదురు తుడుచుకుంటున్నాడు భిక్షం. “అయినా నోరు మూస్కున్న. తప్పయింది అన్నా.”

“తప్పేం లేదు. సూర్యుడు తప్పుకున్నంక జమున నీకు ఫోన్ చేస్తది. ఎంత నడిస్తె అంతే జరుపు. తొందరపడకు.”

“గట్లనే అన్నా. ఎంత నడిస్తె అంతే.”

అప్పుడు గర్వపడ్డాడు భిక్షం. దాపరికం లేకుండా, పందెం గెలిచినవాడిలా గర్వపడ్డాడు. మూడేళ్లలో ఆరు కిలోమీటర్లకు మూడు స్తంభాలు తక్కువ. ఒక్క స్తంభం కూడా అబద్ధం కాదు. తిరిగి పోయి లడ్డూలు రెండు తిన్నాడు. సోమనర్సయ్యకు తన చేత్తో ఒకటి తినిపించాడు, అలక తీరేదాకా వదల్లేదు.

మధ్యాహ్నం స్టేషనులో సుత్తె, పానా, ఎర్రజెండా, పచ్చజెండా సుజాతకు ఒక్కొక్కటే అప్పగించాడు. సాయంత్రం పుష్‌పుల్ రైలు ఎక్కాడు. కాజీపేటలో దిగి బస్సులో మొగుళ్లపల్లి పోవాలి. అక్కడి తండాలో గోరీ నెల ముందే పోయి మిరప తోట చూసుకుంటోంది. రైలు కదిలాక సీటు ఉన్నా కూర్చోక తలుపు దగ్గర నిలబడ్డాడు. తన బీటు మీదుగా, తన క్లిప్పుల మీదుగా, మళ్లీ వచ్చి ఒక్కదాన్నీ తట్టే పని లేకుండా పోవడం ఆయనకు ఇదే మొదటిసారి. ఆరు కిలోమీటర్లు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. స్తంభాలు లెక్కపెడుతూ పోతుంటే తెల్ల రాయి ఒక్క క్షణం కనిపించి పోయింది. ఉండాల్సిన చోటే ఉంది.

ఒకటి. రెండు. మూడు.

చివరి స్తంభానికి బంతిపూల దండ, రైలు గాలికి రెక్కలు నాలుగు కంకర మీద రాల్చుకుని, ఇంకా పచ్చగానే వేలాడుతోంది.