నీడకి నయం కాలేదు

పొద్దున లేవగానే కూతురు ముందు నేలవైపు చూసేది, తర్వాతే తల్లివైపు. మొహం చూసి ఆవిడకి ఎలా ఉందో కనిపెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇస్త్రీ షాపు నడిపిన మనిషి. ముడత అన్నది బట్టమీదే కాదు, నుదుటిమీద కూడా ఉండకూడదని ఆవిడ పట్టుదల. కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వీధిని చూస్తూ ఉండేది. ఆవిడ నీడ మాత్రం కుర్చీ పక్కన నేలమీద, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉండేది.

"ఎలా ఉందమ్మా?"

"నిన్నటికంటే నయం."

కూతురు నీడని తొక్కకుండా పక్కనించి వెళ్ళి మందు సీసా తెచ్చేది. మోకాళ్ళు ఎంత దగ్గరికి ముడుచుకున్నాయో చూసి, డాక్టరు గీసిన హద్దు దాటకుండా, చెంచాలో పోసేది. తల్లి అంతా చూసీ చూడనట్టు మింగి, గ్లాసు అడుగున మిగిలిన కాఫీ తాగేసేది.

నీడ సంగతి వీధిలో ఎవరికీ కొత్త కాదు. భర్త పోయిన నాలుగో రోజే ఆవిడ షాపు తెరిచింది. చొక్కా తర్వాత చొక్కా, చెయ్యి వణక్కుండా ఇస్త్రీ చేస్తూ పోతుంటే, నీడ గోడకి చేరగిలబడి మొహం కప్పుకుని ఏడ్చింది. బట్టల కోసం వచ్చినవాళ్ళు నీడని ఎలా ఓదార్చాలో తెలియక, ఆవిడని ఓదార్చే ధైర్యం లేక, చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఆవిడతో మాట్లాడేవాళ్ళందరూ ఒక కన్ను గోడమీద వేసి ఉంచడం అలవాటు చేసుకున్నారు. ఎదురింటి కుట్టుమిషనావిడ అయితే దాపరికం లేకుండా అడిగేది: "మీ నీడ ఇవాళ కాస్తయినా లేచిందా వదినా?"

"దానికేం, బద్ధకం," అనేది ఈవిడ.

కడుపులో గడ్డ. ఒక ఆపరేషను, ఎనిమిది విడతల మందులు, జుట్టు పోవడం, మళ్ళీ రావడం, అన్నీ అయ్యాయి. అయ్యాక డాక్టరు కూతుర్ని పక్కకి పిలిచి, ఇకమీదట మందులు రోగానికి కాదు, నొప్పికి అన్నాడు. ఊరి చివర హాస్పిస్ ఉందని చెప్పాడు. అక్కడ నయం చేస్తామని ఎవరూ చెప్పరు, సూదులతో పొడవరు. ఉన్నన్నాళ్ళూ నొప్పి లేకుండా చూసుకుంటారు, కూడా ఉండేవాళ్ళకి పక్కనే మంచం వేస్తారు. వినడానికి బాగానే ఉంది. చెప్పుల షాపులో రాత్రి ఎనిమిదింటిదాకా ఊరివాళ్ళ పాదాలు కొలిచే కూతురి జీతానికి అందేలా మాత్రం లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు కాలరు మామయ్య. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. చొక్కా ఎంత చవకదైనా కాలరు మాత్రం అట్టముక్కలా నిలబడాలి, అందుకే ఆ పేరు. ఇరవయ్యేళ్ళు తన చొక్కాలు ఇస్త్రీ చేసినావిడని వదలకుండా పోరి, ఒక ఆరోగ్య పాలసీ అంటగట్టాడు.

"అంటగట్టానని నువ్వే తిట్టావు కదుటే అమ్మాయ్," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఇప్పుడు చూడు, ముప్పై ఒకటో పేజీ. మామూలు పాలసీ అయితే ఆసుపత్రి మంచానికే ఇస్తారు. మీ అమ్మచేత దీనికి జతగా ఇంకో కాగితంమీద సంతకం పెట్టించాను. అంత్యదశ సంరక్షణ. హాస్పిస్ గది, నర్సు, నొప్పి మందులు, తొంభై రోజులు. మంచం దొరికేదాకా ఇంటికొచ్చే నర్సు కూడా."

"ఊరికే ఇస్తారా? మెలిక ఎక్కడుందో చెప్పు మామయ్యా."

"మెలికేం లేదే. నయమయ్యే అవకాశం లేదని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. కంపెనీవాళ్ళు ముందుగా అనుమతి ఇవ్వాలి. అంతే."

ఇద్దరు డాక్టర్లూ రాశారు. దరఖాస్తుకి ఫొటో అడిగారు. నిబంధన నాలుగు: ఫొటోలో నీడ పడకూడదు. కూతురు బుద్ధిగా రెండు పక్కలా రెండు లైట్లు పెట్టించి, నీడన్నది లేకుండా తీయించింది. తల్లి అందులో బడి పంతులమ్మలా నిటారుగా కూర్చుని, ఇప్పుడే లేచి పదిమందికి వండిపెట్టేలా ఉంది.

దరఖాస్తు అందిన రోజునుంచే కంపెనీ పంపిన నర్సు ఇంటికి రావడం మొదలుపెట్టింది. పన్నెండో రోజున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

'ఇంటికి వచ్చే నర్సు రాసిన పుస్తకంలో వరసగా పదకొండు రోజులు రోగి పరిస్థితి "నయం" అని ఉన్నది. నయమవుతున్నవారికి అంత్యదశ సంరక్షణ వర్తించదు. అనుమతి నిలిపివేయడమైనది. మా అధికారి వచ్చి పరిశీలిస్తారు.'

కూతురు ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది, తిట్లు కలిపి.

నర్సు తప్పేం లేదు. ఆ పిల్ల సాయంత్రం ఆరింటికి వచ్చేది, అప్పటికి కూతురు షాపులో ఉండేది. నర్సు ఈ వీధిది కాదు. నడినెత్తిన లైటు వెలుగుతుంటే నీడ కుర్చీ కిందకి దూరిపోయేది, పాపం ఆ పిల్లకి ఏం కనబడుతుంది? "ఎలా ఉందమ్మా?" అని అడిగేది, "నయం" అని ఈవిడ చెప్పేది, ఆ పిల్ల రాసుకునేది. ఆవిడ అన్నది నిన్నటికంటే కాస్త మేలని. కంపెనీ చదివింది రోగం కుదిరిందని. ఒక్క మాట, మూడక్షరాలు కూడా లేవు, మంచానికి అడ్డంగా పడుకుంది.

హాస్పిస్ వాళ్ళు మంచం గురువారం దాకా ఆపుతామన్నారు. ఆ తర్వాత వరసలో వేరేవాళ్ళున్నారు. అధికారి వచ్చేది మంగళవారం.

సోమవారం పొద్దున కూతురు తల్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"రేపు ఆయన అడిగితే నొప్పి అని చెప్పు."

"చెప్తాలే."

"ఇప్పుడు చెప్పు చూద్దాం. ఎలా ఉంది?"

తల్లి నోరు తెరిచింది. పెదాలు 'నొ' దాకా వెళ్ళాయి. "నయమేలే," అంది.

"అమ్మా!"

"నేనేం చెయ్యనే? నలుగురు నా దగ్గరికి వచ్చేది నలిగిన బట్టలతో. నేను కూడా నలిగి కూర్చుంటే వాళ్ళు ఎక్కడికి పోతారు? అలా అనుకుని అనుకుని, ఆ మాట నాలికకి తిరగడం మానేసింది."

"వచ్చేవాళ్ళు ఎవరూ లేరమ్మా ఇప్పుడు. షాపు మూసి రెండేళ్ళయింది. ఉన్నది నేనొక్కదాన్నే."

"నువ్వున్నావనేగా," అంది తల్లి, కిటికీవైపు తిరిగి.

నేలమీద నీడ మోకాళ్ళు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కూతురికి కోపం వచ్చిందో ఏడుపొచ్చిందో తేల్చుకునే తీరిక లేదు. మందు సీసా తేవడానికి లేచింది.

మంగళవారం తొమ్మిదింటికి అధికారి వచ్చాడు. యాభై దాటిన మనిషి, బస్సులో నిలబడి వచ్చినట్టున్నాడు, చొక్కా కాలరు ఒక పక్క లోపలికి, ఒక పక్క బయటికి ఉంది. నిన్న కూతురు నేర్పిన పాఠమంతా తల్లి మొహంలోంచి ఎగిరిపోయింది.

"ఏం నాయనా ఆ కాలరు? ఆవు నమిలి ఉమ్మేసినట్టుంది."

"పర్లేదమ్మా. మీ వివరాలు..."

"వివరాలెక్కడికీ పోవు. చొక్కా ఇలా ఇవ్వు."

"అమ్మా, ఆయన పరీక్షకి వచ్చారు!" అంది కూతురు పళ్ళ బిగువున. ఏమంటే ఏం లాభం? రెండు నిమిషాల్లో అధికారి బనీనుతో కుర్చీలో కూర్చుని, ఫైలు ఒళ్ళో అడ్డం పెట్టుకుని ఉన్నాడు. తల్లి బల్ల పట్టుకుని లేచి, నిలబడి, ఇస్త్రీ పెట్టె చేతిలోకి తీసుకుంది. లేచి నిలబడి ఇస్త్రీ చేస్తున్న రోగిని చూశాక ఎవడిస్తాడు అనుమతి?

కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. తల్లి లేచింది కానీ నీడ లేవలేదు. ఒక మోచెయ్యి నేలకి ఆనించి చూసింది. కాలేదు. రెండోసారి చూసింది. ఆ తర్వాత లేవడం మానేసి, నేలమీదే మెల్లగా పాకుతూ అధికారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కుర్చీలో కూర్చున్న ఆయన నీడ ఒళ్ళో తల పెట్టి, కడుపు పట్టుకుని పడుకుంది.

అధికారి కాలుమీద కాలు వేసుకోబోతున్నవాడల్లా ఆగిపోయాడు. ఆ తర్వాత ఆ గంటసేపూ కాళ్ళు కదపలేదు.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?" అన్నాడు గొంతు తగ్గించి, నిద్రపోతున్నవాళ్ళ దగ్గర మాట్లాడినట్టు.

"అది అంతే నాయనా. మొదట్నుంచీ బద్ధకం దానికి. దాన్ని పట్టించుకోకు," అంది తల్లి, కాలరు అంచు మీద వేలితో నీళ్ళు చిలకరిస్తూ.

ఆయన ఫైలు తెరిచాడు. అందులో రెండు గళ్ళున్నాయి. మొదటిది 'రోగి చెప్పినది'. రెండోది 'అధికారి గమనించినది'. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన రెండో గడిలో రాసింది ఒకటే మాట: పైదే.

"ఎలా ఉందమ్మా మీకు?"

తల్లి కూతురివైపు ఒకసారి, చొక్కావైపు ఒకసారి చూసింది.

"నయమే నాయనా."

ఆయన మొదటి గడిలో రాశాడు: నయం. కూతురు గోడకి ఆనుకుంది. మంచం పోయింది. గురువారం వస్తుంది, పోతుంది. తల్లి ఈ కుర్చీలోనే, ఈ నేలమీదే, నయం నయం అనుకుంటూ పోతుంది.

ఆయన కలం మూయలేదు. చాలాసేపు నేలవైపు చూసి, రెండో గడిలో రాయడం మొదలుపెట్టాడు. గడి చాలక పక్క ఖాళీలోకి కూడా వెళ్ళాడు. రాసింది కూతురివైపు తిప్పి చూపించాడు.

'రోగి నిలబడి ఉన్నారు. రోగి నీడ లేవలేకపోతున్నది. రెండుసార్లు ప్రయత్నించగా చూశాను. రోగి సంగతి ఆమె చెప్పినదే. నీడకి నయం కాలేదు. నయమయ్యే అవకాశం కనబడలేదు.'

"అర్థాలు చెప్పే అధికారం నాకు లేదమ్మా. చూసింది చూసినట్టు పంపిస్తాను," అన్నాడు. చొక్కా వేసుకున్నాడు. కాలరు అట్టముక్కలా నిలబడింది. లేచేముందు కాసేపు కదలకుండా కూర్చుని, నీడ తనంతట తాను పక్కకి ఒరిగాకే లేచాడు.

బుధవారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. 'నీడ కూడా పాలసీదారులో భాగమేనని పరిగణించి అనుమతి మంజూరు చేయడమైనది.' కాలరు మామయ్య దాన్ని నాలుగు కాపీలు తీయించి, ఒకటి తన గోడకి తగిలించుకున్నాడు.

హాస్పిస్ గదిలో దుప్పటి చూడగానే తల్లి మొహం చిట్లించింది. "దీన్ని ఉతికారా, పిండి వదిలేశారా?" అక్కడి నర్సు నవ్వింది. పొట్టి మనిషి, నెరిసిన జడ. ఆమె ఎలా ఉంది అని అడగలేదు. గదిలోకి రాగానే నేలవైపు చూసింది. బయటికి వెళ్ళి ఇంకో దిండు తెచ్చి, నేలమీద నీడ తల కింద పెట్టింది. గొంతుక్కూర్చుని, "ఎక్కడమ్మా?" అంది. నీడ చెయ్యి ఎక్కడుందో చూసి, డాక్టర్ని పిలుచుకొచ్చింది.

మందు మార్చారు, మోతాదు పెంచారు. నాలుగో రోజు నీడ కాళ్ళు చాపుకుంది. ఆరో రోజు వెల్లకిలా తిరిగింది. కూతురు షాపుకి సెలవు పెట్టి పక్క మంచంమీద ఉండేది. పడుకునేది కాదు, నీడ కదిలినప్పుడల్లా లేచి కూర్చునేది.

తొమ్మిదో రోజు పొద్దున లేచి, అలవాటు ప్రకారం నేలవైపు చూసింది. దిండు ఉంది. నీడ లేదు.

కూతురు గబుక్కున మంచం దగ్గరికి వెళ్ళింది. తల్లి దిండుకి ఒరిగి పడుకుని ఉంది. కిటికీ ఎండలో ఆవిడ నీడ ఆవిడ పక్కనే, దుప్పటి మీద, ఆవిడలాగే పడుకుని ఉంది. ఆవిడ చెయ్యి ఉన్నచోట దాని చెయ్యి, మెడ ఒరిగినవైపు దాని మెడ. దుప్పటి నిండా ముడతలు. కూతురు సర్దబోతే, "ఉండనీవే," అంది తల్లి.

"ఎలా ఉందమ్మా?"

తల్లి ఆలోచించింది. ఆ ప్రశ్నకి ఆవిడ ఆలోచించడం కూతురు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"తెల్లవారుజామున నొప్పి వేసిందే. చాలా నొప్పి," అంది నెమ్మదిగా. "నర్సుని నేనే పిలిచాను. ఇప్పుడు నయం."

నర్సు తలుపు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ముందు నేల చూసింది, తర్వాత దుప్పటి చూసింది, ఆఖరికి కూతురి మొహం చూసింది.

"రాయనా ఆ మాట?"

"రాయండి. కంపెనీవాళ్ళు అడిగితే నా దగ్గరికి పంపండి. ఆ మాటకి అర్థం నేను చెప్తాను."

నర్సు రాసుకుంది. నేలమీది దిండు తీసి, రెండుసార్లు దులిపి, కూతురి చేతిలో పెట్టింది. కూతురు దాన్ని పక్క మంచంమీద వేసుకుని, తల ఆనించి, మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది.