తొమ్మిది రోజుల నీళ్ళు

"నీళ్ళలో పడుండే కాయలకు కాపలా కూడానా? వెళ్ళవే, సముద్రం చూసిరా" అన్నాడు ఆర్మిదా మొగుడు నెల్లో, తాగిన కాఫీ కప్పు బల్లమీదే వదిలేసి లేస్తూ.

అప్పటికి ఆమె చేతులు మోచేతిదాకా తొట్టిలో ఉన్నాయి. కొండ వూట నీళ్ళవి. పొద్దున ముంచిన చెయ్యి మధ్యాహ్నానికి గాని మనదేనని ఒప్పుకోదు. నవంబరు పదకొండున వచ్చే సాన్ మార్తీనో పండుగ దాటితే ఎవరి తోపులో రాలిన చెస్ట్‌నట్లనైనా ఎవరైనా ఏరుకోవచ్చు. పనసగింజల్లా పిండిగా ఉండే కాయలవి. ఆమె మూడు రోజులు వంచిన నడుం ఎత్తకుండా ఏరి తెచ్చినవి రెండు బస్తాలు. అవి తొమ్మిది రోజులు నానాలి. పైకి తేలినవి పుచ్చులు, తీసేయాలి. రోజూ సగం నీళ్ళు పారబోసి సగం కొత్తవి పోయాలి. తర్వాత నీడన ఆరబెట్టి ఇసుకలో పొరలుగా పేర్చాలి. అప్పుడే ఈస్టరుదాకా నిలుస్తాయి.

కాపురానికొచ్చిన ఏడు ఒళ్ళు కాలిపోతూ పడుకుంటే, "జ్వరం నీకు కోడలా, కాయలకు కాదుగా" అంది అత్త. అత్త పోయింది, ఆ మాట మాత్రం తొట్టి పక్కనే కూర్చుంది. ముప్పై ఎనిమిది నవంబర్లు. పక్కింటి ఇనెస్, మొగుడు పోయినప్పటి నుంచి ఏటా చర్చి ఆడవాళ్ళ బస్సులో సముద్రం ఒడ్డున ఉన్న వియారెజ్జో వెళ్తూ "వస్తావుటే?" అని అడుగుతుంది. "నీళ్ళు మార్చాలే" అని ఆర్మిదాది ఏటా అదే జవాబు. నెల్లో మాత్రం సారా దుకాణంలో మీసం దువ్వుతూ, "మా కాయలంటే ఏమనుకున్నారు! మా తాత ఇసుకలో పెట్టినవి మా నాన్న పెళ్ళిలో వడ్డించారు, మిగిలినవి నా పెళ్ళికి సరిపోయాయి" అంటాడు. ఆ కోతకు ఎవడో ఒకడు గ్లాసు ద్రాక్షసారా పోయిస్తాడు. కోత ఆయనది, చేతుల పగుళ్ళు ఆమెవి.

ఆ పొద్దున మాత్రం ఆమెకు కోపం రాలేదు. నాలుగు రోజులు చేతులు పొడిగా ఉంటే తను ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలనిపించింది. అంతే. చేతులు తుడుచుకుని వెళ్ళి ఇనెస్ తలుపు తట్టింది.

"రోజూ సగమే మార్చు. చల్లనివే పొయ్" అని బయల్దేరేముందు మొగుడికి చెప్పింది.

"నాకు చెబుతున్నావా? ఈ ఇంట్లో పుట్టినవాణ్ణి!" అన్నాడు నెల్లో.

సముద్రం దగ్గర మొదటి రోజు నాలుగింటికే మెలకువ వచ్చి, చేయడానికేమీ లేక మంచంమీద బొమ్మలా కూర్చుంది. రెండోరోజు ఒడ్డున నిలబడి అలల్లో చెయ్యిపెట్టి ఊరికే కలుపుతుంటే ఇనెస్ పగలబడి నవ్వింది. "ఒసేయ్, సముద్రానికి కూడా నీళ్ళు మారుస్తావా ఏంటి! లే, ఆకలేస్తోంది." పూటకూళ్ళ ఆవిడ "ఏం తింటావమ్మా?" అంది. ఆర్మిదా ఎంతసేపు ఆలోచించిందంటే, ఈలోగా పక్క బల్లవాళ్ళు తిని లేచిపోయారు. చివరికి వేయించిన చేపలు తెప్పించుకుంది. ఒక్కోటీ తింటూ చిన్నతనం తలచుకుంది. పొద్దున చెస్ట్‌నట్ జావ, రాత్రి చెస్ట్‌నట్ రొట్టె, పండుగైతే చెస్ట్‌నట్ కేకు. చేపముక్క నోట్లో ఉండగానే తనలో తనే నవ్వుకుంది.

నాలుగోరోజు ఇంటి గుమ్మం ఎక్కుతుండగానే పులిసిన వాసన. తొట్టిమీద బెత్తెడు నురగ. చొక్కా చేతులు పైకి మడిచి, దాని పక్కన బడిలో తప్పుచేసిన పిల్లాడిలా నెల్లో.

"చేతులు కొంకర్లు పోయాయే. నాకే ఇంత చలైతే పాపం కాయలకెంతో అని... రోజూ కాసిని వేడినీళ్ళు కలిపా."

ఆమె ఒక కాయ తీసి నొక్కింది. వేలు లోపలికి దిగింది. రెండు బస్తాలూ పందులకే.

"తిట్టవే, తిట్టు" అన్నాడు.

ఆర్మిదా కుర్చీ కిటికీ ఎండలోకి లాక్కుని కూర్చుంది. ఆమె అలా తీరిగ్గా కూర్చోవడం చూస్తే ఆయనకు తిట్లకంటే ఎక్కువ భయం వేసింది. పరుగున వెళ్ళి ఖాళీ సంచి తెచ్చాడు. "కొండమీద ఇంకా రాలుతున్నాయి. నేనే ఏరుకొస్తా. నీళ్ళూ నేనే మారుస్తా, మంచులాంటివే. నువ్వు దగ్గరుండి చెప్పు చాలు."

"నీకెన్ని కావాలో అన్ని ఏరుకో, నెల్లో. నాకొద్దు. నాకు చెస్ట్‌నట్ల రుచే పడదు."

ఆయన చేతిలో సంచి జారింది. "మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేంటే?"

"నాకూ మొన్న చేపలు తింటుంటేనే తెలిసింది" అంది ఆర్మిదా.